ఆపరేషన్ మూగ రేడియో

కొంగని పట్టపగలు చంపేశారు.

బస్టాపు బెంచీ మీద, చెవికి ట్రాన్సిస్టర్ ఆనించుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఎవరో ఒకాయన వచ్చి పక్కన చతికిలబడి, "మ్యాచ్ ఎంతవరకూ వచ్చింది బాబూ? స్కోరెంత?" అని అడిగాడు. జవాబు లేదు. "మర్యాదగా అడుగుతుంటే బెట్టా?" అని భుజం తట్టాడు. కొంగ ముందుకి వాలిపోయాడు. వీపులో సైలెన్సర్ తూటా. గొడుగులు బాగుచేసేవాడి వేషంలో ఊరంతా తిరిగి బ్యూరోకి సమాచారం మోసిన మనిషి, ప్రాణం వదిలాడు గానీ రేడియో వదల్లేదు.

బాస్ గదిలో ఏసీ, గోడకి మ్యాపు, టేబుల్ మీద జెండా. చచ్చినవాళ్ళ గురించి చల్లగా మాట్లాడుకోవడానికే ఇలాంటి గదులు కడతారు.

"గబ్బిలం, కూర్చో."

"నిలబడే వింటాను సార్."

గబ్బిలం ఆమె కోడ్ నేమ్. ఎవరికీ వినపడనివి వింటుందని పెట్టారు. బజారులో మాత్రం ఆమె రేడియో రిపేరు అక్క. ఇరుకు సందులో ఇరుకు కొట్టు. అదే ఆమె కవర్.

"కొంగ ఫైల్ క్లోజ్ చేస్తున్నాం. రిపోర్టులో గుండెపోటు అని..."

"వీపులోంచి దూరిన గుండెపోటా సార్?"

"టోన్ తగ్గించు."

"మీరు రిపోర్టు మార్చండి. నేను టోన్ మారుస్తాను."

బాస్ తోలు కేసు తొడిగిన పాత ట్రాన్సిస్టర్‌ని టేబుల్ మీద ముందుకు తోశాడు. "వాడి చేతిలో దొరికింది. ల్యాబ్‌లో ఎక్స్‌రే తీశారు. మైక్రోఫిల్మ్ లేదు, ట్రాన్స్‌మిటర్ లేదు. కొత్త బ్యాటరీలు వేసినా కిక్కురుమనలేదు. డెడ్ సెట్ అని సంతకం పెట్టారు."

"డెడ్ సెట్ కోసం మనిషిని డెడ్ చేస్తారా?"

"అది కనుక్కోవడమే నీ అసైన్‌మెంట్. ఈ మధ్యాహ్నం రేవు కార్మికుల హాల్లో ఫంక్షన్ ఉంది. రేవుని లీజుకి అడుగుతున్న విదేశీ కంపెనీ, రిటైరైన కార్మికులకి రేడియోలు పంచుతోంది. పాత మోడల్ సెట్లే. మెరుగు పెట్టి కొత్త కేసులు తొడిగారు. ఇది ఆ లాటులోదే."

"ఫంక్షన్ అయ్యాక అదే హాల్లో లీజు మీద ఓటింగ్ ఉంది సార్. కార్మికులు ఒప్పుకోరు."

"ఒప్పుకోరు."

"అయితే ఆ హాలు నిలబడి ఉండటం కంపెనీకి అవసరం లేదు. బాంబు పేలితే కార్మికులే పెట్టుకున్నారంటారు. రేవుకి తాళం పడుతుంది. ఆ తాళంచెవి కంపెనీ చేతికి పోతుంది."

"హాలంతా డిటెక్టర్‌తో చెక్ చేయించాను. క్లియర్. ప్రపంచంలోనే నంబర్ వన్ మెషీన్ అది."

"మనకి ఎవరిచ్చారు ఆ మెషీన్?"

బాస్ మ్యాపు వైపు చూశాడు. మ్యాపు ఏమీ చెప్పలేదు. డిటెక్టర్‌ని బ్యూరోకి కానుకగా ఇచ్చింది కూడా ఆ కంపెనీయే.

గబ్బిలం రేడియో తీసుకుని తలుపుని ధడేలున వేసి వెళ్ళిపోయింది.

*

కొట్టు షట్టర్ సగం దించింది. బల్ల మీద గుడ్డ పరిచి సెట్ విప్పింది. వెనక మూత, లోపల మట్టిరంగు బోర్డు, టోపీల్లాంటి పాత ట్రాన్సిస్టర్లు. ఎవరో పనిమంతుడే తుడిచాడు. కానీ నాబ్‌లు తిరగడం లేదు. వాల్యూమ్‌ని ఫుల్‌లో పెట్టి జిగురు పోశారు. ట్యూనింగ్‌నీ ఒకే చోట జిగురుతో బిగించారు. ఏ స్టేషనూ లేని ఖాళీ జాగా అది.

"వినడానికేమీ లేని చోట చెవి పెట్టుకుని కూర్చున్నావేమే?" అంది గబ్బిలం సెట్‌తో.

కొత్త బ్యాటరీలు వేసి, మధ్యలో మల్టీమీటర్ కలిపి స్విచ్ వేసింది. ముల్లు పైకి లేచింది. సెట్ కరెంటు తాగుతోంది. చచ్చిన సెట్‌కి దాహమెందుకు? ల్యాబ్‌లో ఒక్కడైనా మీటరు పెట్టి చూశాడా? చూడరు. చప్పుడు రాకపోతే చచ్చిందని రాసిపారేస్తారు. మనుషుల విషయంలోనూ వాళ్ళ పద్ధతి అదే.

ఇప్పుడు దాని చెవులు పనిచేస్తున్నాయో లేదో తేలాలి. పాత సెట్లన్నిటిలోనూ ఓసిలేటర్ ఉంటుంది. సెట్ వింటున్నంతసేపూ అది లోపల సన్నగా గొణుగుతూనే ఉంటుంది. మనిషికి వినపడదు. పక్కన ఇంకో రేడియో సరైన చోట తిప్పి ఉంటే, ఆ గొణుగుడు అందులో ఈలై వినపడుతుంది. అంటే ఇంకో రేడియో కావాలి.

కొట్టులో బాగున్న సెట్లన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. మిగిలింది ఒక్కటే. అమ్మది. ఏడాదిగా అలమారు పైన దుమ్ము తింటోంది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "పార్టు దొరకలేదమ్మా" అంటూ వస్తోంది గబ్బిలం. నేరస్థుల సిండికేట్ల వెనక పరిగెత్తడంలో అమ్మ రేడియో మూత విప్పడానికి ఆమెకి తీరిక దొరకలేదు.

దించింది. స్విచ్ వేసింది. నిశ్శబ్దం. నెత్తిన ఒక్కటి చరిచింది. సెట్ ఉలిక్కిపడి వార్తలు చదవసాగింది. మెల్లగా స్టేషన్లు మార్చుకుంటూ పోయింది. ఒకచోట ఎవరో పాడుతున్నారు. ఆ పాట మీద కీచుమని ఈల!

మూగ సెట్ ఆపింది. ఈల ఆగింది. వేసింది. మళ్ళీ ఈల.

బతికే ఉంది. చెవులు భేషుగ్గా ఉన్నాయి. నోరే మూశారు.

ఒక బ్యాటరీ తీసి, రెండు వైర్లతో స్పీకర్‌కి తాకించింది. 'టక్' అంది. స్పీకర్ బాగుంది. స్పీకర్‌కి వెళ్ళాల్సిన శబ్దం దారిలో ఎక్కడో పక్కకి పోతోంది. దారిలో ఉన్నది ఒకే మజిలీ, ఇయర్‌ఫోన్ జాక్. అందులో పిన్ను గుచ్చితే లోపలి రేకు పక్కకి జరుగుతుంది. స్పీకర్ మూగబోతుంది. శబ్దం పిన్నులోకి పోతుంది.

టార్చి వేసి జాక్ రంధ్రంలోకి చూసింది. లోపల ఒక పిన్ను విరిగి ఇరుక్కుంది. దాని మొహానికి నల్ల రంగు పూశారు. సన్నటి పట్టకారుతో పట్టుకుని లాగింది.

సెట్ ఒక్కసారి 'ష్‌ష్‌ష్' అని పెద్ద గొంతుతో బుసకొట్టింది. వాల్యూమ్ ఫుల్‌లో ఉంది కదా, సందులో వెళ్ళే సైకిలతను కూడా తిరిగి చూశాడు.

గబ్బిలం ఆ పిన్నుని అరచేతిలో పెట్టుకుంది. దాని వెనక రెండు సన్న వైర్లు తెగి ఉన్నాయి. శబ్దాన్ని స్పీకర్‌కి కాకుండా బయటికి తీసుకుపోయే వైర్లు. రిలే అనే చిన్న స్విచ్చికి. రిలే నుంచి బాంబుని పేల్చే డిటొనేటర్‌కి. ఖాళీ జాగాలో ఎవడో ఒక టోన్ పంపుతాడు. సెట్ వింటుంది. రిలే పడుతుంది. హాలు లేస్తుంది. ఇది వాళ్ళు ముందుగా పరీక్షించి చూసుకున్న రిహార్సల్ సెట్. కొంగ వైర్లు తెంచి మరీ ఎత్తుకొచ్చాడు.

ఫోన్ మోగింది.

"ఏమే, నా రేడియో అయిందా?"

"పార్టు దొరకలేదమ్మా. నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? హాల్లో. మొదటి రేడియో నాకే ఇస్తారట. స్టేజీ మీద కూర్చోబెట్టారు."

గబ్బిలం పట్టకారు బల్ల మీద పడేసింది. "అమ్మా, ఆ రేడియో మనకెందుకు? ఇంటికి వెళ్ళిపో."

"తీసుకోవడానికి వచ్చాననుకున్నావా? నా నడుం విరిగేదాకా ఆ రేవులో మూటలు మోశాను. ఇప్పుడు రేవు లాక్కుని చేతిలో డబ్బా పెడతారా? మైకు ముందు అడుగుతాను. అడిగి వాడి మొహాన కొడతాను. నువ్వు చెప్పినా లేవను, మీ నాన్న లేచొచ్చి చెప్పినా లేవను."

అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆమె లేవనంటే లేవదు. క్రేన్‌తో ఎత్తినా లేవదు.

*

షట్టర్ కిందనుంచి ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత ఆకుపచ్చ కోటు, నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమలు వచ్చాయి.

"పాట వస్తుందా?" అందామె.

"గురగుర ఒక్కటే." కోడ్ సరిపోయింది.

నెమలి. కంపెనీలో పబ్లిక్ రిలేషన్స్ మేనేజర్. బ్యూరో దగ్గర ఒక జీతం, సిండికేట్ దగ్గర ఒక జీతం. ఏ రోజు ఎవరి మనిషో ఆ రోజు ఉదయం అద్దం ముందు నిర్ణయించుకుంటుంది.

గబ్బిలం కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ అందుకుని నెమలిని గోడకి నొక్కింది. ఐరన్ మొన ఆమె గడ్డం కింద ఆగింది.

"కొంగని వాళ్ళకి ఎవరు చూపించారు?"

నెమలి కళ్ళద్దాలు కిందపడ్డాయి. "నేను చూపించకపోతే నన్నే అనుమానించేవాళ్ళు."

"వానలో నీ గొడుగు విరిగితే వాడే కదటే బాగుచేసి ఇచ్చాడు? ఆ గొడుగు ఇంకా నీ ఇంట్లోనే ఉందా?"

"ఏడవడానికి టైం లేదు గబ్బిలం. నేను చెప్పడానికే వచ్చాను. బాంబు హాలు వెనక, బెంచీల దగ్గర ఉంది. అక్కడే రేడియోల అట్టపెట్టెలు పేర్చారు. వాటిలో ఏదో ఒక దాంట్లో ఉంది. ఏదో నాకూ తెలీదు. గ్లోవ్స్ గారు మొదటి రేడియో చేతికిచ్చి, బయటికెళ్ళి, కార్లోంచి బటన్ నొక్కుతాడు."

తెల్ల గ్లోవ్స్ ఎప్పుడూ తీయని ఆ పెద్దమనిషి కంపెనీకి ప్రతినిధి, సిండికేట్‌కి నాయకుడు, ఈ ఫంక్షన్‌కి ముఖ్య అతిథి.

"నువ్వు?"

"నేనూ స్టేజీ మీదే ఉండాలి. లేకపోతే అనుమానం. స్టేజీ సేఫ్ అన్నారు."

గబ్బిలం ఐరన్ దించింది. "నీ లెక్క నేను తర్వాత తేలుస్తాను. పోయి నవ్వుతూ కూర్చో. అది నీకు బాగా వచ్చు."

నెమలి వెళ్ళగానే బాస్‌కి ఫోన్ చేసింది.

"హాలు ఖాళీ చేయించండి సార్. రిసీవర్‌తో పేలే బాంబు ఉంది."

"డిటెక్టర్ క్లియర్ అంది కదా?"

"మీ డిటెక్టర్ అరిచేవాటిని, అంటే సిగ్నల్ పంపేవాటిని పట్టుకుంటుంది. ఇది అరవదు, వింటుంది. ఆ తేడా కూడా పట్టలేని మెషీన్ మీకెందుకు కానుకిచ్చారో ఆలోచించండి!"

"కెమెరాలున్నాయి, విదేశీ ప్రముఖులున్నారు. రుజువు తీసుకురా, చూద్దాం."

"రుజువు ముక్కలుముక్కలుగా వస్తుంది సార్, ఏరుకోండి."

అరిచి గోల చేద్దామా అంటే గ్లోవ్స్ అక్కడికక్కడే బటన్ నొక్కుతాడు. మిగిలింది ఒకే దారి. డ్రాయర్‌లోంచి నెరిసిన విగ్గు, పగిలిన కళ్ళజోడు, చేతికర్ర తీసింది. అమ్మ రేడియోని చంకలో పెట్టుకుంది. ఆ పాట వచ్చిన చోటే ముల్లు ఉంచింది.

*

హాలు గుమ్మంలో వాలంటీరు అడ్డం వచ్చాడు. "అవ్వా, కొత్త రేడియో ఇస్తుంటే ఈ పాతది మోసుకొచ్చావేం?"

"నీ కొత్తది మోగుతుందని గ్యారంటీ ఏముందిరా అబ్బాయ్? తప్పుకో."

లోపల ఇసకేస్తే రాలనంత జనం. నల్లబడిన మెడలు, కాయలు కాసిన అరచేతులు. వీళ్ళు దించిన సరుకు తిని, కట్టుకుని, అమ్ముకుని పెద్దవాళ్ళయినవాళ్ళే ఈ హాలుకి బాంబు పెట్టారు. గబ్బిలం పళ్ళు బిగబట్టి, రేడియో చెవికి ఆనించుకుని, కర్ర పోటేసుకుంటూ వెనక బెంచీల వైపు నడిచింది.

అట్టపెట్టెలు గోడంత ఎత్తున పేర్చారు. ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. రేడియోలో పాటే వస్తోంది. ఈల లేదు. వంగి బెంచీల కింద పెట్టింది. పాటే.

"ఏం వెతుకుతున్నావు పెద్దమ్మా?" అన్నాడు ఒక ముసలి కూలీ.

"సిగ్నలు."

"ఆ మూలకి పో. మా ఇంట్లో అయితే కిటికీ ఎక్కితేగానీ పలకదు."

స్టేజీ మీద గ్లోవ్స్ ప్రసంగం ముగింపుకి వస్తోంది. "మీ చెమటకి మా కంపెనీ చిరుకానుక..." పక్కన నెమలి అందంగా చప్పట్లు కొడుతోంది. ఇంకో పక్క కుర్చీలో అమ్మ, యుద్ధానికి వచ్చినట్టు కూర్చుంది.

వెనక లేదు. ఎక్కడ? గబ్బిలం మధ్య దారిలోకి రెండడుగులు వేసింది. పాట కింద సన్నగా ఏదో కదిలింది. ఈల! ఇంకో అడుగు వేసింది.

రేడియో ఆగిపోయింది.

చరిచింది. పలకలేదు. గట్టిగా చరిచింది. ఊహూఁ. ఏడాది పాటు వాయిదా వేసిన పని ఎదురుగా వచ్చి నిలబడింది. బ్యాటరీలు కొత్తవే, కొట్లోనే వేసింది. చరిస్తే పలుకుతుందంటే ఎక్కడో ఒక అతుకు అంటీ అంటకుండా ఉంది. ఎక్కడ? ఆమెకి కొట్లోని విరిగిన పిన్ను గుర్తొచ్చింది. జాక్! పిన్ను గుచ్చకపోయినా రేకు చిలుము పట్టి వెనక్కి రాకపోతే స్పీకర్‌కి గతి అదే. ఒకదాని నోరు మనుషులు మూశారు, ఇంకోదాని నోరు చిలుము మూసింది.

విగ్గులోంచి హెయిర్‌పిన్ లాగింది. జాక్ రంధ్రంలో దూర్చి రేకుని గీకి, లోపలికి వంచింది. టప్‌మని పాట విరుచుకుపడింది. పాట మీద ఈల.

ముందుకి నడిచింది. ఈల లావైంది. ఇంకా ముందుకి. మొదటి వరుసలో వాళ్ళు చెవులు మూసుకున్నారు. "ఎవరండీ అది? ఆపండి!" స్టేజీ మెట్ల దగ్గర ఈల పాటని మింగేసింది.

బాంబు వెనక లేదు. స్టేజీ మీదే ఉంది.

మైకు ఉన్న చెక్క పోడియం మీద, నమూనాగా, తోలు కేసులో ఒక రేడియో కూర్చుని ఉంది. దాని పక్క నుంచి వెంట్రుకంత నల్ల వైరు పోడియం లోపలికి దిగింది. యూనియన్ నాయకులందరూ దాని చుట్టూనే కూర్చున్నారు.

"మొదటి కానుక అందుకోవాల్సిందిగా పెద్దావిడని కోరుతున్నాను," అన్నాడు గ్లోవ్స్. అని, గడియారం చూసుకుని, "ఒక ముఖ్యమైన కాల్" అంటూ పక్క తలుపు వైపు నడిచాడు.

నెమలి గబ్బిలాన్ని చూసింది. గబ్బిలం చూపు పోడియం మీద ఉంది. నెమలి ఆ చూపు వెంట వెళ్ళి వైరుని చూసింది. రంగు పూసిన మొహం సున్నంలా పాలిపోయింది. స్టేజీ సేఫ్ అన్నారట! రెండు జీతాలిచ్చిన వాళ్ళలో ఒకళ్ళు ఆమె ఉద్యోగం ఊడబెరికేశారు, ఆమెకి చెప్పకుండా.

"తలుపు!" నెమలి మడమల చెప్పులు విసిరికొట్టి పరిగెత్తింది. "ఆ గ్లోవ్స్ వాణ్ణి పట్టుకోండి!"

అమ్మ అప్పటికే పోడియం దగ్గర నిలబడి మైకు పట్టుకుంది. "నా నడుం విరిగేదాకా మూటలు మోశాను. రేవు లాక్కుని డబ్బా ఇస్తావా? ఇదిగో, నీ డబ్బా నీ మొహానే..." రెండు చేతులతో రేడియోని పైకెత్తింది. నల్ల వైరు బిగిసింది.

"అమ్మా, కదపకు!"

గబ్బిలం కర్ర పారేసి ఒక్క గంతులో స్టేజీ ఎక్కింది. బయట కారు తలుపు పడిన చప్పుడు. ఆమె అమ్మ మణికట్టు పట్టుకుంది. వేళ్ళతో జాక్ తడిమింది. పిన్ను మొదలు దొరికింది. లాగింది.

అదే క్షణంలో బయట గ్లోవ్స్ బటన్ నొక్కాడు.

'కూఁఁఁఁ!'

పోడియంలోకి పోవాల్సిన టోన్ స్పీకర్‌లోంచి ఊళపెట్టింది. హాలు మొత్తం అదిరి లేచి నిలబడింది. అమ్మ చేతిలో రేడియో గొంతు చించుకుని అరుస్తోంది. పోడియం మాత్రం పోడియంలాగే నిలబడి ఉంది. పీకేసిన పిన్ను గబ్బిలం పిడికిట్లో ఉంది.

గ్లోవ్స్ మళ్ళీ నొక్కాడు. రేడియో మళ్ళీ కూసింది. పేలుడు కోసం ఎదురుచూస్తూ కారు కదపడం మర్చిపోయాడు. ఈలోగా నెమలి వెనకే కార్మికులు గుంపుగా వచ్చి కారుని చుట్టుముట్టారు. ఇన్నేళ్ళు వాళ్ళు ఎత్తిన బరువుల ముందు ఆ కారు ఏ మూల? గ్లోవ్స్ లోపల ఉండగానే ఎత్తి పక్కకి తిప్పి పడేశారు.

నెమలి ఊపిరి తీసుకోకముందే గబ్బిలం ఆమె చేతికి సంకెల వేసింది.

"నేను కాపాడాను కదా!"

"నిన్ను నువ్వు కాపాడుకున్నావు. ఇది కొంగ కోసం," అంది గబ్బిలం.

బాస్ పోలీసుల్ని వెంటబెట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. పోడియం విప్పి చూపించారు. లోపలున్నది చూసి కుర్చీ వెతుక్కున్నాడు. "రిపోర్టులో... ఏమని రాయమంటావు?"

"ఉన్నది రాయండి సార్. కొంగ ఎలా చచ్చిపోయాడో ముందు రాయండి. గుండెపోటు అని మళ్ళీ రాశారో, ఈ రిటైరైన వాళ్ళందర్నీ తీసుకొచ్చి మీ ఏసీ గదిలో కూర్చోబెడతాను."

బాస్ తలూపాడు. ఈసారి మ్యాపు వైపు చూడలేదు.

ఓటింగ్ ఆగలేదు. బాంబు తీసేసిన స్టేజీ మీదే చేతులెత్తారు. లీజుకి అనుకూలంగా ఒక్క చెయ్యీ లేవలేదు.

గబ్బిలం మెట్ల మీద కూలబడింది. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ విగ్గుని కాసేపు పరీక్షగా చూసి, పీకి ఒళ్ళో పడేసింది. తన పాత రేడియో అందుకుని స్విచ్ వేసింది. చరచకుండానే పాట వచ్చింది.

"పార్టు దొరికిందా?"

"పార్టు అక్కర్లేకపోయిందమ్మా. చిలుము. హెయిర్‌పిన్‌తో గీకాను."

"ఇంత పనికి ఏడాది తిప్పావా?" అమ్మ కళ్ళు చిన్నవి చేసింది. పోలీసుల్ని చూసింది, పోడియాన్ని చూసింది, సంకెళ్ళతో కూర్చున్న ఆకుపచ్చ కోటుని చూసింది. "నిజం చెప్పు. అసలు నువ్వు చేసే ఉద్యోగం ఏమిటే?"

"రేడియో రిపేరమ్మా."

"ఎవరికే చెప్తున్నావు? అదే నీ ఉద్యోగమైతే నా రేడియో ఎప్పుడో బాగయ్యేది."